మూడు వైపుల కోత

డీఎస్సీ నోటిఫికేషన్ ఏడేళ్ళకు పడింది. వేసవి మొదట్లో పడితే జూన్‌లో పరీక్ష. మా కోడలు సునీలకు ముప్పై నాలుగేళ్ళు. ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేది. పడిన రోజు సాయంత్రమే ఆ పని మానేసి ఇంటికొచ్చింది.

"మానేశావా? రేపు వాళ్ళు మళ్ళీ పెట్టుకుంటారా?" అంది నా భార్య కనకరత్నం.

"పెట్టుకోకపోతే పోయారు అత్తయ్యా. ఈసారి వస్తే గవర్నమెంటు టీచర్ని. రాకపోతే మళ్ళీ ఎప్పుడు వేస్తారో ఏంటో. అప్పటికి నేను ముసలిదాన్నయిపోతా."

నవ్వుతూనే అంది. మా అబ్బాయి రామాంజి పాలవ్యాను నడుపుతాడు. చొక్కా విప్పి వంకెకు తగిలిస్తూ, "చదువుకోనీ అమ్మా," అన్నాడు. నేను అనేది ఎప్పుడూ తక్కువే.

నాది బైండింగు పని. తెనాలి మారీసుపేటలో మా ఇంటి ముందు గదే షాపు. ప్రెస్సులో అచ్చయి వచ్చిన ఫారాలు మడవడం, కుట్టడం, అట్ట వెయ్యడం ఇక్కడ. అంచులు కోయించడానికి పక్క వీధిలో హనీఫ్ కటింగ్ మిషన్ దగ్గరికి తీసుకెళతాను. నలభై ఏళ్ళుగా అంతే. నేను చదివింది మూడో తరగతి. తొమ్మిదో ఏట పనిలో పెట్టారు. ఫారాలు మడిచేటప్పుడు అక్షరాల మీద కళ్ళు పెడితే చెయ్యి ఆగుతుందని మా మేస్త్రీ చెక్క బద్దతో వేళ్ళ మీద కొట్టేవాడు. అందుకని చదవడం రానట్టు ఉండటం అలవాటయింది. పేజీ నెంబర్లు మాత్రం చూస్తానని అందరికీ తెలుసు. బ్యాంకులో వేలిముద్రే వేస్తాను. నాకు అక్షరం ముక్క రాదనే కనకరత్నం కూడా అనుకుంటుంది. కూడబలుక్కుంటే చదవగలనని ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

సునీల పాత పుస్తకాల షాపులో వెతికి, మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పాఠ్యపుస్తకాలు తెచ్చింది. ఇరవై పైన ఉంటాయి. అట్టలు ఊడినవి, కుట్లు తెగినవి. పిల్లలు లేని ఇంటికి మూడో తరగతి వాచకాలు రిక్షాలో దిగితే వీధిలో వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

"కోచింగ్ సెంటరు నోట్సు కొనుక్కోవచ్చుగా, ఈ పాత చెత్తంతా ఎందుకు?" అంది కనకరత్నం.

"ప్రశ్నలన్నీ వీటిలోంచే వస్తాయి అత్తయ్యా. ఆ నోట్సు రాసినవాళ్ళు కూడా ఈ చెత్త చూసే రాశారు."

వసారాలో చాప వేసుకుని కూర్చునేది. చదువు అంటే నాకు తెలిసింది గొంతెత్తి చదవడం. మా బడిలో ఎవడి గొంతు వినపడకపోతే వాడికి దెబ్బ. ఈమె గొంతు వినపడదు. కొత్త పాఠం తీస్తే ముందు చివరికి వెళ్ళి ప్రశ్నలు చూసేది. తర్వాత మధ్యలో పెద్దక్షరాలూ బొమ్మలూ చూసేది. ఆ తర్వాతే మొదటి నుంచి చదివేది. ఒక పేజీ అయ్యాక పుస్తకం మూసి, గోడకేసి చూస్తూ పెదాలు కదిపేది. మళ్ళీ తెరిచి, ఎక్కడ తప్పిందో చూసుకుని, పేజీ పక్కన ఖాళీలో పెన్సిల్‌తో ఏదో రాసేది.

నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు పొద్దున, "ఫారాలున్నాయి. మడువు," అన్నాను.

"చదువుకుంటున్నా మావయ్యా."

"పుస్తకం మూసుందిగా."

"తెరిచి చూస్తుంటే అన్నీ వచ్చినట్టే ఉంటాయి మావయ్యా. మూసి చెప్పుకుంటేగా ఎన్ని వచ్చో ఎన్ని రావో తెలిసేది."

"గోడ మీద రాసుందా?"

లోపలి నుంచి కనకరత్నం అందుకుంది. "ఆ మనిషికి చెప్పకే. పుస్తకాన్ని బయట నుంచి తప్ప లోపల్నుంచి చూసిన మొహం కాదు అది."

అయిదు వందల ఫారాలు తెచ్చి ఆమె ముందు పెట్టాను. తొందర పనేమీ కాదు. ఆమె పుస్తకం పక్కన పెట్టి మడవడం మొదలుపెట్టింది. కాసేపటికి చూస్తే పెదాలు కదులుతున్నాయి. ఒక ఫారం మడత పడేలోపల ఒక ప్రశ్న, దాని జవాబు. జవాబు రాకపోతే ఆ ఫారాన్ని దొంతరలో అడ్డంగా పెడుతోంది. అన్నీ అయ్యాక అడ్డంగా ఉన్నవి లెక్కపెట్టి, "ముప్పై ఆరు రాలేదు," అని తనలో తను అనుకుంది. దొంతర సర్దేసి, ఆ ముప్పై ఆరూ పుస్తకంలో వెతుక్కుంది.

మర్నాడు తనే వచ్చి, "ఫారాలున్నాయా మావయ్యా?" అని అడిగింది.

లేవన్నాను. ఉన్నాయి.

ఎండలు ముదిరాయి. వసారాలో ఉన్నది ఒక్కటే ఫ్యాను. దాన్ని తడి అట్టల వైపు తిప్పాను. ఆమె పాత అట్టముక్క ఒకటి తీసుకుని ఒక చేత్తో విసురుకుంటూ, రెండో చేత్తో రాసుకునేది.

ఆదివారం ఆదివారం రేపల్లె నుంచి పొద్దున పాసింజర్‌లో చందన వచ్చేది. సునీలతో కలిసి టీచరు ట్రైనింగు చదివిన అమ్మాయి. నోరుగలది. తనూ ఈ పరీక్షే రాస్తోంది. వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని చదవడం నేను చూడలేదు. ఒకరు టీచరు, ఒకరు పిల్ల. సునీల పాఠం చెబితే చందన ఆరో తరగతి పిల్లలా అడ్డు ప్రశ్నలు వేసేది. కాసేపటికి మారేవాళ్ళు.

"ఎందుకు టీచర్? అదే ఎందుకు టీచర్?"

"నువ్వు ముందు బల్లెక్కి నిల్చో."

ఆ రోజు నేను షాపులో అట్టలకు జిగురు పూస్తున్నాను. కిటికీ అవతలే వాళ్ళు.

"జడ వాయువులు చెప్పు," అంది చందన.

"హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్, రేడాన్."

"జడ వాయువులంటే ఏంటి టీచర్? వాటికి జడలుంటాయా?"

"చంపుతా. ఎవరితోనూ కలవవు. పక్కన ఏమున్నా వాటికి పట్టదు. ఉలకవు, పలకవు."

"అన్ని పేర్లు వరసగా ఎట్టా గుర్తు పెట్టుకున్నావే?"

"అంచులో రాసుకున్నా, చూడు."

పేజీ తిప్పిన చప్పుడయింది. తర్వాత చందన పగలబడి నవ్వింది. "ఓసి నీ! హీలియం, నియాన్, ఆర్గాన్, మీ మావయ్య!"

"హుష్. లోపలే ఉన్నారు."

"ఉంటే ఏంటి? ఉలకరుగా!"

ఇద్దరూ నవ్వారు. సునీల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వడం కిటికీలోంచి కనపడింది. "ఆయనకు చదువు రాదు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇంట్లోంచి గెంటేవారు," అంది.

నేను జిగురు పూయడం ఆపలేదు.

మధ్యాహ్నం చందనను రైలెక్కించడానికి సునీల స్టేషన్‌కు వెళ్ళింది. కనకరత్నం నిద్రపోతోంది. పుస్తకం చాప మీదే ఉంది. తీశాను. జ. డ. వా. యు. వు. లు. పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరాలు. అచ్చు కన్నా చేతిరాత కష్టం. 'మావయ్య. ఎవరి మధ్య ఉన్నా ఒక్కరే. ఏం కలిపినా మారరు.' చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయి మళ్ళీ మొదటికి వెళ్ళాను. అలా మూడుసార్లు.

ఇంకో పేజీ తిప్పలేదు. పుస్తకం ఎలా ఉన్నదో అలాగే పెట్టేశాను.

మొహం మీద తిట్టినా ఇంత ఉండేది కాదు. తిట్టు గాలికి పోతుంది. ఇది కాయితం మీద ఉంది.

పరీక్ష ఇంకా ఇరవై ఆరు రోజులుందనగా జంపనిలో సునీల తల్లి బాత్‌రూములో జారిపడింది. రెండు రోజులు వెళ్ళి రావాలి. పుస్తకాలు సంచీలో సర్దుకోబోతే పేజీలు ఊడి చేతికొస్తున్నాయి. ఏం చెయ్యాలో తోచక గుమ్మంలో నిలబడింది.

"ఇటివ్వు. బైండు చేసి పెడతా," అన్నాను.

ఆమె మొహం విప్పారింది. పదకొండేళ్ళ కాపురంలో ఆమె అడక్కుండా నేను చేస్తానన్న పని అదొక్కటే.

"నిజంగానా మావయ్యా? సైన్సంతా ఒకచోట, సోషలంతా ఒకచోట వచ్చేట్టు కుడతారా? ఒక్క కాయితం కూడా పోకుండా చూడండి. నా ప్రాణమంతా వీటిలోనే ఉంది."

అంచుల్లో రాశానని చెప్పలేదు. చెప్పాలని ఆమెకు తోచి ఉండదు. చదివేవాళ్ళకు అంచు కూడా పుస్తకమే. బైండరుకు అది కోత కోసం వదిలిన కాయితం.

బాగా కుట్టాను. ఆ మాట చెప్పుకోవాలి. ఊడిన పేజీలకు పల్చటి కాయితం అతికించాను. మూడేసి పుస్తకాలు కలిపి ఏడు చేశాను. పెళ్ళి ఆల్బములకు దాచుకున్న ఎర్ర క్యాలికో గుడ్డ తీసి వీపులకు వేశాను. అట్టలు ఆరాక ఏడూ గుడ్డలో కట్టి హనీఫ్ దగ్గరికి తీసుకెళ్ళాను.

హనీఫ్ మొదటి పుస్తకాన్ని కత్తి కింద పెట్టి, "ఒక నూలేగా?" అన్నాడు. అంగుళంలో ఎనిమిదో వంతు. అంచు సాపు కావడానికి ఎప్పుడూ అంతే కోస్తాం.

"అక్షరం దాకా."

"అక్షరం దాకా ఏంటి? బోసిగా ఉంటది." పేజీలు విప్పి చూశాడు. హనీఫ్ ఏడో తరగతి దాకా చదివాడు. "భాయ్, ఇక్కడ రాతలున్నాయి. పేజీ పేజీకీ ఉన్నాయి. మీ కోడలివేగా?"

"తెలుసు."

"తెలిసి కొయ్యమంటున్నావా?"

"కొయ్యి."

"ఎందుకు?"

హనీఫ్ నా మొహం చూశాడు. చేతులు లుంగీకి తుడుచుకుని పక్కకు జరిగాడు. "నా చేత్తో కొయ్యను. మిషన్ అక్కడుంది."

చక్రం నేనే తిప్పాను. కత్తి పదునుగా ఉంటే దిగేటప్పుడు పెద్దగా చప్పుడు రాదు. ముందు పొడుగువైపు, తర్వాత పైన, తర్వాత కింద. ఏడు పుస్తకాలు. పని అయ్యేదాకా హనీఫ్ వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ రోజు టీ చెప్పలేదు.

సునీల మూడో రోజు మధ్యాహ్నం వచ్చింది. చాప మీద ఏడు ఎర్ర పుస్తకాలు వరసగా ఉన్నాయి. సంచీ కింద పెట్టకుండానే ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"అత్తయ్యా, రండి చూడండి! లైబ్రరీ పుస్తకాల్లా ఉన్నాయి. మావయ్యా, ఎంత బాగా చేశారండీ!"

తెరిచింది. ఒక పేజీ తిప్పింది. తర్వాత పదేసి పేజీలు తిప్పింది. అది పెట్టేసి రెండోది తీసింది. నిలబడే ఏడూ చూసింది.

"ఏమయిందే?" అంది కనకరత్నం.

"అంచులేవి అత్తయ్యా?"

"అంచులేంటి?"

"నా ప్రశ్నలన్నీ అంచుల్లోనే ఉన్నాయి. ఏది ఎట్టా గుర్తు పెట్టుకోవాలో, ఎక్కడ తప్పుతున్నానో అన్నీ. ఇన్నాళ్ళ నుంచీ రాస్తున్నా." నా వైపు తిరిగింది. "మావయ్యా, కోసిన ముక్కలు ఎక్కడున్నాయి?"

"హనీఫ్ దగ్గర. గోతంలో."

చెప్పులు వేసుకోకుండా ఎండలోకి వెళ్ళింది. గోతం ఈడ్చుకొచ్చి వసారాలో కుమ్మరించింది. మావే కాదు. పెళ్ళి శుభలేఖలవీ బిల్లు పుస్తకాలవీ రెండు రోజుల కోత అంతా అందులోనే ఉంది. సన్నటి పేలికలు, వేల కొద్దీ. ఒకటి తీసి చూసేది, పక్కన పెట్టేది, ఇంకోటి తీసేది. ఏ పేలిక ఏ పేజీదో తెలిసే దారి లేదు. కొన్నిటి మీద 'ఎందుకు?' అని మాత్రం ఉంది.

కనకరత్నం నా మీద పడింది. "అక్షరం ముక్క రాని మనిషికిచ్చి వెళ్ళావు, ఇట్టా కాక ఎట్టా అవుద్ది? రాతకీ గీతకీ తేడా తెలుసా ఆయనకి? అందరివీ కోసినట్టే కోసుంటాడు. ఇదేంటని అడగడానికి నోరన్నా ఉందా!"

రామాంజి వచ్చి ఆ కుప్ప చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "నాన్నకేం తెలుసే. కావాలని చేస్తాడా?"

సునీల నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తల దించుకుని, "అవును. నేనే చెప్పి వెళ్ళాల్సింది," అంది.

జిగురు గిన్నె కలుపుతూ కూర్చున్నాను.

సోషల్, తెలుగు పుస్తకాల అంచులు చందన తన ఫోన్లో ఫొటోలు తీసుకుని ఉంది. సైన్సు, లెక్కలు లేవు. సునీల లావుపాటి నోటు పుస్తకం తెచ్చుకుని అవి మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. పుస్తకంలో రాద్దామంటే అక్షరాల పక్కన గోరు పట్టేంత చోటు కూడా లేదు.

"ఏం రాశానో గుర్తు తెచ్చుకోవడం కూడా చదువేలే," అని ఫోన్లో చందనతో అంటుంటే విన్నాను. ఆ గొంతులో నవ్వు లేదు.

ఎండలకు చందన రావడం మానేసింది. సునీల నోటు పుస్తకం పట్టుకుని షాపులోకి వచ్చింది. "మావయ్యా, మీ పని మీరు చేసుకోండి. ఊరికే వింటే చాలు. ఎదురుగా మనిషుంటే ఎక్కడ ఆగిపోతున్నానో నాకు తెలుస్తుంది."

నేను కుట్టుకుంటూ ఉంటే ఆమె పాఠాలు చెప్పేది. గుండెకు ఎన్ని గదులో చెప్పింది. ఇనుము ఎందుకు తుప్పు పడుతుందో చెప్పింది. మూలకాల దగ్గరికి వచ్చి, హీలియం అని మొదలుపెట్టి, నా వైపు చూసి ఆగింది. "ఇది వచ్చులెండి," అని గబుక్కున పేజీ తిప్పేసింది. నేను సూదిలోకి దారం ఎక్కించుకున్నాను.

ఆ వారంలోనే ఒక రోజు పొయ్యి మీద జిగురు కాస్తున్నాను. మడమకు ఏదో అంటుకుంది. తీసి చూస్తే కాయితం పేలిక. ఆమె ఏరుకున్నప్పుడు తప్పిపోయింది. దగ్గర ఎవరూ లేరు. కూడబలుక్కున్నాను. 'ఘర్షణ. మావయ్య.' కింద ఇంకో వరుస ఉండాలి, అది తెగిపోయింది.

రామాంజి పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. "ఘర్షణ అంటే ఏంట్రా?" అని అడిగాను.

"గొడవ. ఏం నాన్నా?"

"ఏం లేదు."

పేలికను పొయ్యిలో పెట్టాను.

పరీక్ష బాపట్లలో పడింది. రామాంజికి వ్యాను వదిలే వీలు లేక నన్ను తోడు పంపాడు. కాలేజీ గేటు బయట షామియానా కింద మొగుళ్ళూ తల్లులూ పసిపిల్లలనెత్తుకుని కూర్చున్నారు. పక్కన ఒకాయన, "మీ అమ్మాయాండీ?" అని అడిగాడు.

"కోడలు."

"ఈ ఎండలో కోడలికి తోడొచ్చారా! అదృష్టవంతురాలండీ ఆ అమ్మాయి. మా నాన్న అయితే గుమ్మం దిగడు." మజ్జిగ ప్యాకెట్ ఒకటి నాకిచ్చాడు. తాగాను.

చందనకు కూడా ఆ పూటే. ఇద్దరూ కలిసి బయటికొచ్చారు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నారు. నేను ఎదురుగా.

"ఎట్టా రాశావే?" అంది చందన.

"సోషల్ అంతా వచ్చింది. సైన్సులో నాలుగు పోయాయి."

"తెలియనివా?"

"తెలిసినవే. పేజీ కనపడుతోంది. బొమ్మ కనపడుతోంది. బొమ్మ పక్కన ఏదో రాసుకున్నానని కూడా గుర్తుంది. ఏం రాశానో రాలేదు. ఆ చోటంతా తెల్లగా ఉంది."

చందన నా వైపు ఒకసారి చూసి, మాట మార్చింది. "ఘర్షణ మీద ఇచ్చాడుగా, అదన్నా పెట్టావా?"

"అది మర్చిపోతానా? నేల గరుగ్గా ఉంటేనే కాలు నిలుస్తుంది. నున్నగా ఉంటే జారి పడతాం. అది లేకపోతే నడవలేం." సునీల చిన్నగా నవ్వింది. "దాన్ని మావయ్య పేరు మీద రాసుకున్నాలే."

"అదేంటే?"

"ఆ రోజు అయిదు వందల ఫారాలు ముందు పడెయ్యకపోతే అన్నిసార్లు చెప్పుకునేదాన్నా? పొద్దున్నే బద్ధకంగా ఉన్నప్పుడల్లా ఈయన మొహం తలుచుకుని లేచేదాన్ని."

రైలు చప్పుడులో నాకు వినపడలేదనుకుంది. రైలు నిడుబ్రోలు దాటింది. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. తెనాలి వచ్చేదాకా బయటికి చూస్తూ కూర్చున్నాను.

వినాయక చవితి వెళ్ళాక జాబితా వచ్చింది. రామాంజి ఫోన్లో పేర్లు కిందికి జరుపుతూ చూశాడు. మళ్ళీ పై నుంచి చూశాడు. చందన పేరు ఉంది. సునీల పేరు లేదు. అర మార్కు తేడా.

కనకరత్నం గుమ్మంలో కూలబడి ఏడ్చింది. సునీల ఏడవలేదు. లేచి వెళ్ళి పొయ్యి మీద అన్నం వార్చింది.

చందన స్వీటు పెట్టె తెచ్చింది. గుమ్మంలోనే సునీలను కౌగిలించుకుని, "నీ ప్రశ్నలతోనే వచ్చిందే నాకు," అంది. సునీలే పెట్టె విప్పి ఒక ముక్క ఆమె నోట్లో పెట్టింది. "రేపల్లె దగ్గరే ఇస్తారేమో. మీ అమ్మకు దగ్గరవుతావు," అంది. చందన వెళ్ళిపోయాక మిగిలిన ముక్కలు వీధిలో పంచి వచ్చింది.

ఆ సాయంత్రం హనీఫ్ మా షాపు ముందు ఆగాడు. లోపలికి రాలేదు.

"పిల్లకు రాలేదంటగా."

"రాలేదు."

"చెప్తావా?"

అట్ట మీద గుడ్డ లాగి సరిచేశాను.

"నేను చెప్పను. అది నీ పని," అన్నాడు. ఇప్పటికీ నేను కట్టలు తీసుకెళితే కోసిస్తాడు. కూర్చోమనడు.

దసరాకు ముందు ఒక పొద్దున సునీల టీ తెచ్చి నా ముందు పెట్టి, వెళ్ళకుండా నిలబడింది. కనకరత్నం, రామాంజి గుమ్మంలో కూర్చుని ఉన్నారు.

"మావయ్యా, ఒకటి అడుగుతా, కోప్పడకండి. మీకు నిజంగా చదవడం ఏమీ రాదా? కాస్త కూడా?"

ఆమె కళ్ళలో అనుమానం ఉందేమోనని చూశాను. ఉందో లేదో తెలియలేదు. వచ్చు అంటే రెండక్షరాలు.

"రాదమ్మా," అన్నాను. ఆమెను అమ్మా అని పిలవడం అదే మొదలు.

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. భుజాలు కిందికి దిగాయి. "అంతేగా. రోజూ అదే నలుగుతోంది మనసులో. చదువొచ్చిన మనిషి అయితే ఆ పని చెయ్యడుగా." చీర కుచ్చిళ్ళు దోపుకుని నా ఎదురుగా కూర్చుంది. "మావయ్యా, రేపటి నుంచి మీకు నేర్పిస్తా. రోజుకో గంట. ఇంట్లో టీచరుండి మీకు అక్షరాలు రాకపోతే ఎట్టా?"

"డెబ్బై దాటాక ఆయనకా? రాయి మీద నీళ్ళు పోసినట్టే!" అంది కనకరత్నం.

"మీరు ఊరుకోండత్తయ్యా. ఆయనకు నేర్పిన వాళ్ళు లేక రాలేదు. అంతే."

ఇప్పుడు రోజూ పొద్దున పదింటికి. పలక, చాక్‌పీసు, తడిగుడ్డ తెచ్చి నా పక్కన కూర్చుంటుంది. కోప్పడదు. తప్పు చెబితే తప్పు అనదు, ఇంకోసారి చూడండి అంటుంది. నాకు రానివి చిన్న పుస్తకంలో రాసుకుని, మర్నాడు వాటితోనే మొదలుపెడుతుంది. రెండు రోజులాగి మళ్ళీ అడుగుతుంది. మంచి టీచరు.

ఎక్కడ తప్పాలో నేను ముందే అనుకుని కూర్చోవాలి. నిన్న తప్పిన చోట ఇవాళ సరిగ్గా చెప్పి, వేరే చోట తప్పాలి. ఒకే చోట తప్పుతుంటే బెంగపడుతుంది. అన్నీ చెప్పేస్తే ఆలోచిస్తుంది. నెల దాటింది. మూడక్షరాల మాటల దగ్గర ఉన్నాం.

ఇవాళ పలక మీద 'పడవ' అని రాసింది. "కలిపి చదవండి మావయ్యా."

చూశాను.

"పలక," అన్నాను.

రామాంజి నవ్వాడు. కనకరత్నం లోపలి నుంచి ఏదో అంది. సునీల నవ్వలేదు. తడిగుడ్డతో తుడిచి, అక్షరాలు ఇంకాస్త పెద్దవిగా చేసి మళ్ళీ రాసింది.

"తొందరేం లేదు మావయ్యా," అంది. "మళ్ళీ నోటిఫికేషన్ ఎప్పుడో ఏంటో. నాకు బోలెడు టైముంది."